ముందు మార్కుల పట్టిక చూపండి

రాసిన పద్దును ఎవరూ చెరపలేరు, ఎవరైనా విప్పి చూసుకోవచ్చు. బ్లాక్‌చెయిన్ మీద, అంటే చాలా కంప్యూటర్లలో ఒకేలా దాచే ఉమ్మడి డిజిటల్ పద్దు పుస్తకం మీద, మన జిల్లాల్లో సదస్సు పెట్టిన ప్రతివారూ చెప్పే మొదటి మాట ఇదే. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో సామాజిక బ్లాక్‌చెయిన్ ప్రాజెక్టులకు గ్రాంట్లు పంచిన పెద్దలూ ఆ మాటతోనే ప్రకటన మొదలుపెట్టారు. తీరా ఎంపిక జాబితా వచ్చాక చూస్తే ఎవరికెన్ని మార్కులో తెలియదు, మార్కులు వేసిందెవరో తెలియదు. దేనికెన్ని మార్కులన్న పట్టిక గడువు ముగిశాక మారిందని దరఖాస్తుదారులు మొత్తుకుంటుంటే జవాబు చెప్పే నాథుడు లేడు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందంటే ఇదే. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. జబ్బు ఆ ఒక్కరిదే అయితే రాసేవాళ్లం. ఇదే నమూనా చూసుకుని రేపు మరో నలుగురు దరఖాస్తులు పిలవబోతున్నారు, అదీ మా భయం.

కొత్త రంగం, చిన్న మొత్తాలు, నిబంధనలు బిగిస్తే కుర్రాళ్లు జడుసుకుంటారని నిర్వాహకుల వాదన. నిర్ణేతల పేర్లు ముందే చెబితే సిఫార్సులు ముసురుకుంటాయనీ అంటున్నారు. కొంత నిజమే. అయితే ఒక పేజీ పట్టికను ముందే ప్రచురించడానికి వాటిలో ఏదీ అడ్డు కాదు.

అది ఎంత సులువో ఈ రంగంలోవారికి మరొకరు చెప్పాలా? దరఖాస్తులు తెరవకముందే పట్టికను ఖరారు చేసి, ఆ ఫైలు ఎస్‌హెచ్‌ఏ-256 హాష్‌ను, అంటే ఫైలు నుంచి కంప్యూటర్ లెక్కగట్టే 64 అక్షరాంకెల వేలిముద్రను, ప్రకటనలోనే అచ్చు వేయాలి. తర్వాత ఒక్క కామా కదిలినా వేలిముద్ర మారిపోతుంది. పైసా ఖర్చు లేదు. నిర్ణేతల మార్కులకూ ఇదే పద్ధతి పెట్టొచ్చు. సమావేశానికి ముందే ఎవరి మార్కులు వారు వేసి హాష్ ఇచ్చేస్తే, గదిలో గొంతు పెద్దగా ఉన్నాయన్ను చూసి మిగతావారు గుట్టుగా అంకెలు దిద్దుకునే వీలుండదు. ఇందులో ఒక మెలిక ఉంది. అయిదు అంశాలకు 0 నుంచి 5 వరకు మార్కులంటే మొత్తం 7,776 కలయికలే. వాటన్నిటికీ హాష్ కట్టి పోల్చి చూడడం మామూలు ల్యాప్‌టాప్‌కు రెప్పపాటు పని. గుట్టు రట్టవుతుంది. అందుకే ప్రతి నిర్ణేత తన ఫైలు చివర సాల్ట్ అనే ఒక పొడవాటి యాదృచ్ఛిక అక్షరాల వరుస చేర్చాలి, మార్కులు విప్పే రోజున దాన్నీ చెప్పాలి. చర్చ తర్వాత ఎవరైనా మార్కు మార్చుకుంటే మార్చుకోవచ్చు. పాత అంకె, కొత్త అంకె, కారణం ఒక వాక్యంలో, మూడూ పద్దులో ఉండాలి.

ఇక దరఖాస్తు పత్రం. పద్నాలుగు పేజీల ఇంగ్లిష్, కంపెనీ రిజిస్ట్రేషన్ నంబరు, ఆడిట్ అయిన లెక్కలు అడిగితే అది సామాజిక గ్రాంటు ఎలా అవుతుంది? పలమనేరు పాల సంఘమో, మహిళా పొదుపు సంఘమో ఆ గడప తొక్కదు. మొదటి దశకు రెండు పేజీలు చాలు, తెలుగులోనైనా సరే. అందులో నెగ్గినవారి నుంచే పూర్తి వివరాలు అడగాలి, అది నింపడానికి కనీసం నెలన్నర ఇవ్వాలి. ముందు పంపినవారికి ముందు అన్న నిబంధనను మొదటే కొట్టేయాలి. రూ.300 దర్శనం టికెట్లు నిమిషాల్లో ఖాళీ అయ్యే ఊళ్లో ఉంటూ, వేగంగా మీట నొక్కడాన్ని అర్హతగా పెట్టినవారిని ఏమనాలి?

పట్టికలో అన్నిటికంటే ఎక్కువ మార్కులు ఒకే ప్రశ్నకు ఉండాలి: మొదటి పద్దు ఎవరు రాస్తారు, అది తప్పయితే ఎవరు, ఎలా సరిచేస్తారు? చిత్తూరు మామిడినే తీసుకుందాం. 2025 సీజన్‌లో తోతాపురికి గుజ్జు పరిశ్రమలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 అన్న ఏర్పాటు జరిగింది. ఇలాంటి ఏర్పాటులో రైతు చేతికొచ్చే ప్రతి పైసాకూ మూలం తూకం చీటీ. కాటా దగ్గర తరుగు పేరుతో కోసేసిన బరువును ఏ బ్లాక్‌చెయినూ పట్టుకోలేదు, కోసిన అంకెనే పదిలంగా దాచిపెడుతుంది. కాబట్టి దరఖాస్తులో తేల్చాల్సినవి ఇవీ: అంకె కాటా యంత్రం నుంచి నేరుగా వస్తుందా, గుమాస్తా టైపు చేస్తాడా? పద్దు ఖరారయ్యే ముందు రైతు ఫోన్‌కు సందేశం వెళ్లి అతను ఒప్పుకోవాలా? తప్పు దొర్లితే పాత పద్దుకు ఎదురు పద్దు రాసే అధికారం ఎవరిది? వీటికి జవాబు లేని దరఖాస్తుకు, వేదిక మీద ఎంత ముచ్చటగా చూపినా, ఈ అంశంలో సున్నా వేయాలి. ఒకే ఆఫీసు రాసి, ఒకే ఆఫీసు చదివే రికార్డుకు బ్లాక్‌చెయిన్ అక్కరే లేదు, మామూలు డేటాబేస్ సరిపోతుంది. అక్కర ఉన్నచోట కూడా 2024 సెప్టెంబరులో కేంద్రం తెచ్చిన విశ్వస్య లాంటి ప్రభుత్వ వేదిక ఉండగా సొంత చెయిన్ ఎందుకో చెప్పమనాలి.

శ్రీకాళహస్తి కలంకారీకి, అసలుదని ఫోన్‌లో తేల్చే క్యూఆర్ ముద్ర అన్న ఆలోచన ఇలాంటి గ్రాంటు ఎక్కడ ప్రకటించినా తలెత్తుతుంది. వినడానికి బాగుంటుంది. గుడ్డను కరక్కాయ, పాలలో తడపడం, పటిక పూయడం, దశదశకూ ఉతకడం, ఉడికించడం ఇవన్నీ దాటి నిలిచే కాగితం ముద్ర ఏదీ లేదు. అంటే ముద్ర పడేది చిట్టచివర. అప్పటికి గుడ్డ కళాకారుడి చేయి దాటి వ్యాపారి దగ్గరకు చేరి ఉండొచ్చు. ఆపైన అసలు చీర మీది ముద్రను ఫొటో తీసి నూరు అచ్చు చీరలకు అంటిస్తే నూరూ అసలువేనని ఫోన్ చెబుతుంది. దీనికి విరుగుడు ఉంది. గోకితే కనబడే, ఒక్కసారే పనిచేసే కోడ్ పెట్టాలి, అమ్మకం జరిగిన ప్రతిసారీ యాజమాన్యం మారినట్టు రాయాలి, వాడేసిన కోడ్ మళ్లీ వస్తే హెచ్చరిక మోగాలి. ఆ విరుగుడు రాసిన దరఖాస్తుకూ, అందమైన బొమ్మలు పెట్టిన దరఖాస్తుకూ తేడా తెలియాలంటే నిర్ణేతల్లో ఒక్కరైనా కలంకారీ కలం పట్టిన మనిషి ఉండాలి. ఆ మనిషి అడిగే మొదటి ప్రశ్న కూడా ఊహించవచ్చు: నా ఫోన్ పోతే, అందులోని నా ఖాతా డిజిటల్ తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?

వ్యక్తిగత వివరాల సంగతి రెండు ముక్కల్లో. ఆధార్ నంబరును చెయిన్ మీద పెట్టకూడదు, దాని హాష్‌ను కూడా పెట్టకూడదు. 12 అంకెల నంబరు హాష్‌ను వరసగా ప్రయత్నించి విప్పేయవచ్చు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తన సమాచారం తుడిచేయమని అడిగే హక్కు పౌరుడికి ఇచ్చింది. చెరపలేని పుస్తకంలో ఆ హక్కును ఎలా నిలబెడతారో దరఖాస్తుదారు రాయాలి. వివరాలు బయట, సాల్ట్ కలిపి కట్టిన హాష్ మాత్రమే చెయిన్ మీద అన్నది కనీస పద్ధతి.

నిర్ణేతల విషయానికొస్తే, ఐఐటీ, ఐసర్, ఎస్వీ, పద్మావతి విశ్వవిద్యాలయాలున్న తిరుపతిలో తెలిసినవారికి కొదవ లేదు. చిక్కంతా ఆ తెలిసినవారందరూ ఒకరికొకరు తెలిసినవారే కావడం. పరిశోధన గైడు ఒకరు, శిష్యుడు ఇంకొకరు, స్టార్టప్ సలహాదారు వేరొకరు. అందుకే అయిదుగురిలో ఇద్దరైనా బయటి జిల్లాల నుంచి రావాలి. ఉద్యోగం, బంధుత్వం, గైడు సంబంధం, వాటా, టోకెన్ల (బ్లాక్‌చెయిన్ మీద చలామణి అయ్యే క్రిప్టో నాణేల) నిల్వ వీటిపై మూడేళ్ల వెనక్కి ప్రకటన తీసుకోవాలి. టోకెన్ల మాట చాలామంది మరుస్తారు. దరఖాస్తుదారు వాడబోయే చెయిన్ టోకెన్లు జేబులో ఉన్న నిర్ణేత తటస్థుడు కాడు. తప్పుకున్న నిర్ణేత గడిని ఖాళీగా వదిలి, మిగతావారి సగటు తీయాలి. ఎక్సెల్ షీట్‌లో ఆ గడిలో సున్నా పడితే దరఖాస్తుదారు తన తప్పు లేకుండానే మునిగిపోతాడు.

కమిటీ గొడవే వద్దు, జనం ఓటుకు పెడదాం అనేవారూ ఉన్నారు. టోకెన్ల లెక్కన ఓటంటే డబ్బున్నవాడిదే జాబితా. 2018లో పరిశోధకులు విటాలిక్ బ్యుటెరిన్, జోయీ హిట్జిగ్, గ్లెన్ వెయిల్ ప్రతిపాదించగా గిట్‌కాయిన్ అనే గ్రాంట్ల వేదిక ఆచరణలో పెట్టిన క్వాడ్రాటిక్ పద్ధతి ఇంతకంటే మెరుగు. అందులో జనం ఇచ్చే విరాళమే ఓటు. ప్రతి విరాళానికి వర్గమూలం తీసి, కూడి, ఆ మొత్తాన్ని వర్గం చేస్తారు, వచ్చిన అంకెను బట్టి నిధి పంచుతారు. నూరుమంది తలా రూపాయి ఇస్తే 10,000, ఒక్కడే నూరు రూపాయలిస్తే 100. బాగుంది కదా? ఆ ఒక్కడే నూరు వాలెట్లు, అంటే డిజిటల్ ఖాతాలు, తెరిచి తలా రూపాయి వేస్తే అతనికీ 10,000 వస్తుంది. ఊరివాళ్ల ఆధార్ కార్డులు పోగేసి దర్శనం టికెట్లు తీసే దళారులను చూసిన ఊరికి ఈ మోసం గురించి పాఠం అక్కర్లేదు. మనిషికి ఒకే ఖాతా అని తేల్చే ఏర్పాటు లేకుండా ఓటింగ్ పెట్టడం దళారులకు పిలుపు పంపడమే.

ఎంపిక గీత దగ్గర అర మార్కు తేడాతో నిలిచినవారి మధ్య మాత్రం లాటరీ మేలు. అర మార్కు తేడాలో ప్రతిభ ఉందనుకోవడం భ్రమ. పరిశోధన గ్రాంట్లలో ఈ పద్ధతిని న్యూజిలాండ్, స్విట్జర్లాండ్ ఇప్పటికే వాడాయి. తిరుమల ఆర్జిత సేవలకు ఎలక్ట్రానిక్ డిప్ ఉన్నచోట దీన్ని వింతగా చూసేవారెవరు?

డబ్బు ఎలా ఇస్తారన్నదీ పట్టికలో భాగమే. ఖర్చు పెట్టి బిల్లులు తెస్తే తిరిగిస్తామంటే విద్యార్థులూ పొదుపు సంఘాలూ అప్పుల పాలవుతారు. 30 శాతం ముందే, 40 శాతం నమూనా నడిచాక, 20 శాతం నిజమైన వాడకందారులు సరే అన్నాక, చివరి 10 శాతం ఆర్నెల్లు నిలబడి నడిస్తే ఇవ్వాలి. ప్రతి దశ తనిఖీకి 15 రోజులు గడువు, దాటితే ఆమోదించినట్టే లెక్క. టోకెన్లలో ఇస్తామంటే మాత్రం వద్దనాలి. ప్రకటించిన రోజు విలువ చేతికొచ్చే రోజు ఉండదు. పైగా 2022 నుంచి వాటి అమ్మకపు లాభంపై 30 శాతం పన్ను, బదిలీపై 1 శాతం టీడీఎస్ ఉన్నాయి. విదేశీ సంస్థ డబ్బయితే ట్రస్టులు, సొసైటీలకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి కావాలి. అది లేని సంఘాన్ని ఎంపిక చేసి ఆనక చేతులెత్తేయడం వాళ్లను నట్టేట ముంచడమే.

నిర్వాహకులకు మళ్లీ చెబుతున్నాం. రైతు తూకం అందరికీ కనబడాలంటారు, నేతన్న లెక్క అందరికీ కనబడాలంటారు, మీ మార్కులు మాత్రం అల్మారాలో ఉండాలా? గడువు రోజున ఉన్న పట్టిక, ఇప్పుడున్న పట్టిక రెండూ పక్కపక్కన ప్రచురించండి. ఎంపిక కాని ప్రతి దరఖాస్తుదారుకూ మార్కులు, కారణం రెండు వాక్యాల్లో పంపండి. అప్పీలుకు 15 రోజులివ్వండి. అది వినేవారు తొలి కమిటీలో లేనివారై ఉండాలి. ఇవి చేసేదాకా మొదటి విడత చెక్కులు రాయొద్దు, రెండో విడత ప్రకటన వేయొద్దు. వేసినా, మరో సదస్సు పెట్టి పారదర్శకత గురించి జనానికి పాఠాలు చెప్పే సాహసం చేయకండి.