ఏదీ, వేళ్ళు కదుపు చూద్దాం!

ఎక్స్‌రే యంత్రాలకి మనవాళ్ళు ఇంత డబ్బు ఎందుకు తగలేస్తున్నారో నాకు అర్థం కాదు. 1895లో ఎక్స్‌రే కనిపెట్టిన ఆ రాంట్జెన్ మహాశయుడు జర్మనీలో చీకటిగదిలో కూర్చుని అనవసరంగా కష్టపడ్డాడు. మా బాబాయి అప్పటికి పుట్టి ఉంటే ఆయన్ని ఒక్క మాట అడిగితే సరిపోయేది. మనిషి కింద పడ్డాడా? వేళ్ళు కదపమను. కదిలాయా? అయితే ఎముక విరగలేదు. లేచి భోజనానికి పద. ఇంత తేలికైన శాస్త్రం చేతిలో పెట్టుకుని ఆర్థోపెడిక్ సీట్లకి లక్షలు పోయడం మన దౌర్భాగ్యం.

పోయిన నెల చుట్టాల పెళ్ళిలో నేనే ఈ శాస్త్రానికి దొరికిపోయాను. ఫంక్షన్ హాలు వాళ్ళు చేతులు కడుక్కునే చోట అద్దంలా మెరిసే గ్రానైటే ఎందుకు వేస్తారన్నది వేరే వ్యాసం రాయాల్సిన విషయం. సబ్బు నీళ్ళ మీద కాలు జారింది, పాదం లోపలికి మడతపడింది, చీలమండ దగ్గర టక్కుమంది, నేను నేల మీద ఉన్నాను. అర నిమిషంలో చుట్టూ నలభై మంది. గాలి తప్ప అన్నీ వచ్చాయి.

బాబాయి గుంపుని చీల్చుకుని వచ్చి పక్కన గొంతుకూర్చుని, "ఒరేయ్, ఏదీ, వేళ్ళు కదుపు" అన్నాడు. కదిపాను. నేను చేసిన మొదటి తప్పు అదే. "చూశారా, కదులుతున్నాయి! ఏం కాలా! ఉత్త బెణుకు!" అని ప్రకటించాడు. జనం కూడా తీర్పు విన్నట్టు తలలూపారు. ఎవరో ముసలాయన దేవుడు మేలు చేశాడన్నాడు.

కాలి వేళ్ళని కదిపే పెద్ద కండలు పిక్కలో ఉంటాయి. అక్కణ్ణుంచి తాళ్ళలాంటి స్నాయువులు చీలమండ పక్కనుంచి వేళ్ళ దాకా దిగుతాయి. కింద ఎముక చిట్లినా పైన లాగే కండకి ఆ సంగతి తెలియదు, వేళ్ళు బ్రహ్మాండంగా ఆడతాయి. కాలిలో బయటి వైపు ఉండే సన్నటి ఎముక ఒంటి బరువులో కొంచెమే మోస్తుంది కాబట్టి అది విరిగినా కుంటుకుంటూ నడిచేసేవాళ్ళున్నారు. ఇవన్నీ ఆ గ్రానైట్ మీద పడుకుని చెప్పే అవకాశం నాకెవరూ ఇవ్వలేదు. ఎందుకంటే ఈలోపు పెదమామయ్య నా పాదం పట్టుకుని లాగడం మొదలుపెట్టాడు.

లాగడం మన జాతీయ చికిత్స. బెణికితే లాగు, పట్టేస్తే లాగు, గూడ జారితే అందరూ కలిసి లాగండి. "నరం మీద నరం ఎక్కిందిరా, లాగితే దిగుతుంది" అన్నాడు పెదమామయ్య, ముప్పై ఏళ్ళు కరెంటాఫీసులో చేసిన అనుభవంతో. నరాలకి ఒకదాని మీద ఒకటి ఎక్కే అలవాటు లేదు మామయ్యా అందామనుకున్నాను గానీ నోట్లోంచి వచ్చింది కేక మాత్రమే. ఆ కేక విని, "అదీ! దిగింది!" అన్నాడు.

తర్వాత పిన్ని వంటశాలలోకి పరిగెత్తి చింతపండు, ఉప్పు వేడిచేసి పొగలు కక్కుతుండగా తెచ్చి పట్టు వేసింది. దెబ్బ తగిలిన చోట లోపల రక్తం చిమ్ముతుంటుంది, వేడి పెడితే రక్తనాళాలు ఇంకా తెరుచుకుని వాపు పెరుగుతుంది, అందుకే మొదటి రెండు మూడు రోజులు కాపడాలూ వద్దు, మర్దనాలూ వద్దు అంటారు. కానీ పిన్నికి వద్దు అని చెప్పగల మగాడు మా వంశంలో ఇంకా పుట్టలేదు. ఆ పట్టు మీద ఒక పెద్దావిడ హ్యాండ్‌బ్యాగులోంచి అమృతాంజనం తీసి రాసింది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో ఆ సీసా మొదలుపెట్టినప్పుడు తలనొప్పులని దృష్టిలో పెట్టుకున్నారు గానీ మా చుట్టాల పెళ్ళిళ్ళని ఊహించి ఉండరు. దాని మీద పెళ్ళికొడుకు స్నేహితుడెవరో క్రికెట్ స్ప్రే కొట్టాడు. "శక్తి వస్తుంది" అని ఇంకెవరో నోట్లో లడ్డూ కుక్కారు. ఆపరేషన్ పడే అవకాశం ఉన్నవాడికి ఏమీ తినిపించకూడదన్నది లడ్డూ పెట్టే చేతికి ఎవరు చెబుతారు!

ఇంత చేసినా వాపు తగ్గకపోయేసరికి పెద్దలు సీరియస్ అయ్యారు. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళెవరైనా ఒక్క తాపు తంతే పోతుందని మేనత్త గుర్తుచేసింది. అది నడుం పట్టేస్తే చేసేది కదా అని ఒకరు సందేహపడితే, "నడుమైనా కాలైనా ఒకటే ఒళ్ళు" అని కొట్టిపారేసింది. అప్పుడు జరిగింది నేను చచ్చేదాకా మర్చిపోను. మేళం ఆపించి, పంతులుగారి చేతిలో మైకు లాక్కుని, "పెళ్ళికి విచ్చేసిన బంధుమిత్రులకు విజ్ఞప్తి, మీలో ఎవరైనా ఎదురుకాళ్ళతో పుట్టినవారు ఉన్నట్లయితే దయచేసి చేతులు కడిగే చోటికి రావలసిందిగా కోరుతున్నాము" అని రెండుసార్లు చదివారు. ఆరువందల మంది ఉన్న హాల్లో డాక్టరెవరైనా ఉన్నారా అని ఒక్కసారైనా అడగలేదు, గమనించండి. ఎడంచేత్తో పంచె ఎత్తి పట్టుకుని, కుడిచేతికి పెరుగన్నంతో ఒక పెద్దమనిషి విస్తరి ముందునుంచి లేచి వచ్చాడు. వీఐపీ వచ్చినట్టు దారి ఇచ్చారు. "ఎక్కడ తన్నాలి?" అని అడిగాడు. చాలా మర్యాదస్తుడు. చెప్పు విప్పి మరీ తన్నాడు.

తన్నాక, "ఇప్పుడు నడిపించండి, నడిస్తేనే సర్దుకుంటుంది" అని ఇద్దరు రెక్కలు పట్టుకుని లేపబోతుంటే, ఆడపెళ్ళివారి వైపునుంచి ఓ అమ్మాయి అడ్డమొచ్చింది. నర్సింగ్ చదువుతోందట. అంతకుముందు రెండుసార్లు "కదపకండి అంకుల్" అంటే "చిన్నపిల్లవి, పక్కకెళ్ళమ్మా" అన్నారని తర్వాత చెప్పింది. ఈసారి వెళ్ళలేదు. బూటు విప్పించింది, చింతపండు కడిగించింది. జ్యూస్ కౌంటర్లో ఐసు తెప్పించి చర్మానికి తగలకుండా తువాలులో చుట్టి పదిహేను నిమిషాలు పెట్టింది. స్వీట్ల అట్టపెట్టె చింపి పాదం కిందనుంచి పిక్క మీదదాకా దొన్నెలా పెట్టి, కాలు ఏ వంకరలో ఉందో ఆ వంకరలోనే, సరిచేయాలని చూడకుండా, చున్నీతో కట్టింది. కట్టాక, రక్తం ఆడుతోందో లేదో తెలియడానికి గోరు నొక్కి వదిలి రంగు వెంటనే తిరిగి వస్తోందా అని చూసింది. పట్టుమని పాతిక నిమిషాల పని. ఐసు మంచిదా కాదా అని పండితులింకా పోట్లాడుకుంటున్నారు, 1978లో ఐసు పెట్టమని ప్రచారం చేసిన అమెరికా డాక్టరు మిర్కిన్ గారే తర్వాత మనసు మార్చుకుని అది మానడాన్ని ఆలస్యం చేస్తుందన్నారు. పోట్లాడుకోనీండి. ఆ రెండు పక్షాల్లోనూ పట్టుకుని లాగమన్నవాడు ఒక్కడూ లేడు.

ఆస్పత్రిలో ఎక్స్‌రే గది బయట నా పక్క బల్ల మీద ఏడెనిమిదేళ్ళ పిల్లాడు కూర్చున్నాడు. గోడ మీదనుంచి పడ్డాడు, మోచేయి దగ్గర విరిగింది. ఊళ్ళో కట్టు కట్టేవాడి దగ్గరికి తీసుకెళ్ళారట. పుత్తూరు పేరు పెట్టుకున్న బోర్డులు ఊరూరా ఉన్నాయి కదా, వాటిలో ఎన్నిటికి ఆ ఊరితో చుట్టరికముందో బోర్డు పెట్టినవాడికే తెలియాలి. వెదురు బద్దలు పెట్టి బిగించాడు. రాత్రంతా పిల్లాడు గుక్కపట్టి ఏడిస్తే తల్లి ఫోన్ చేసింది. "ఎముక అతుక్కునేటప్పుడు నొప్పి ఉంటుందమ్మా, విప్పితే మొదటికొస్తుంది" అన్నాడట. మూడో రోజుకి వేళ్ళు నీలంగా, చల్లగా అయిపోయాయి.

ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు. గట్టి కట్టు రక్తాన్ని ఆపేస్తే కండ చచ్చిపోతుందని, వేళ్ళు పక్షి కాలి గోళ్ళలా ముడుచుకుపోతాయని ఫోక్‌మన్ అనే డాక్టరు 1881లోనే రాశాడు. ఆరు గంటలు దాటిందంటే ఆ కండ చాలావరకు తిరిగి రాదు. మూడు రోజులు! కట్టాక నొప్పి తగ్గాలి కదరా, పెరుగుతోందంటే, వేళ్ళు మెల్లగా సాగదీస్తే పిల్లాడు అరుస్తున్నాడంటే కట్టు విప్పాలని, విప్పి అప్పటికప్పుడు పెద్దాస్పత్రికి పరిగెత్తాలని చెప్పడానికి ఏం పోయింది నీకు? సిమెంటు కట్టు వేసే డాక్టరుకైనా ఇదే వర్తిస్తుంది, వెదురు తప్పు కాదు. ఏడుస్తున్న పిల్లాణ్ణి నమ్మకుండా కట్టిన చేతిని నమ్మమన్నావు చూడు, అది తప్పు. 2005 నుంచి 108 ఉంది ఈ నేల మీద, ఫోన్ కొడితే వస్తుంది, డబ్బు అడగదు. ఆ తల్లికి ఆ మాట చెప్పిన పెద్దమనిషి ఊరు మొత్తంలో ఒక్కడు లేడు. అందరూ లాగేవాళ్ళే. ఆ పిల్లాణ్ణి లోపలికి తీసుకెళ్ళారు, తర్వాత ఏమైందో నాకు తెలియదు, అడిగే ధైర్యం కూడా రాలేదు.

నాకు బయటి ఎముక చివర చిట్లింది. ఆరు వారాలు కట్టు. కాలు దిండు మీద ఎత్తి పెట్టుకుని ఇది రాస్తున్నాను. పంపేటప్పుడు డాక్టరుగారు, వాపొచ్చి కట్టు బిగిసిందేమో తెలియాలంటే పూటకోసారి వేళ్ళు కదిపి చూసుకోమన్నారు. ఆ సంగతి మా ఆవిడ పొరపాటున ఫోన్లో చెప్పేసింది. నిన్న బాబాయి ఆపిల్ పళ్ళు పట్టుకుని వచ్చాడు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"డాక్టరు ఏం చెయ్యమన్నాడ్రా?"

"వేళ్ళు కదపమన్నాడు బాబాయ్."

"ఏదీ, కదుపు."

కదిపాను.

"మరి నేనేం చెప్పా?"