2520 మీద ఆ మెసేజ్ ఇక ఆపండి మహాప్రభో

“1 నుంచి 10 వరకు అన్ని సంఖ్యలతోనూ నిశ్శేషంగా భాగించబడే ఒకే ఒక్క వింత సంఖ్య 2520. ప్రపంచ మేధావులెవరికీ అంతుపట్టని దీన్ని కనిపెట్టింది మన రామానుజన్. రహస్యం ఏమిటంటే, వారానికి 7 రోజులు × నెలకు 30 రోజులు × ఏడాదికి 12 నెలలు = 2520!”

మళ్లీ వచ్చింది. పంపేవాళ్లలో ఇంజనీర్లున్నారు, లెక్కల టీచర్లూ ఉన్నారు. అదీ నా బాధ.

ఒకే ఒక్క సంఖ్య అట. రెట్టింపు చేయండి, 5040. మూడు రెట్లు చేయండి, 7560. చివర సున్నా తగిలించండి, 25,200. ఓపిక ఉన్నంతసేపు సాగించండి. 2520 అంటే 1 నుంచి 10 వరకు సంఖ్యల క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం, అంటే అన్నిటితోనూ భాగించబడే అతి చిన్న సంఖ్య), అంతే కదా! పోనీ 2520ని 11తో భాగించి చూడండి, 1 మిగులుతుంది. 27,720 అయితే 12 దాకా వెళ్తుంది, 3,60,360 ఏకంగా 15 దాకా. పాపం, వాటికి మెసేజ్ రాసే దిక్కు లేదు.

“సరి, బేసి రెండింటితోనూ భాగించడం అసాధ్యం” అని ఇంకో ముక్క. ఈ సంగతి 6కి ఎవరూ చెప్పినట్టు లేరు.

క్యాలెండర్ లెక్క గుణకారం వరకు కరెక్టే. 5 × 7 × 8 × 9 చేసినా 2520 వస్తుంది, దానికేం కథ అల్లుతారు? 30 × 12 అంటే 360. మిగతా రోజులు ఎవరు మింగారు?

ఒళ్లు మండేది మాత్రం రామానుజన్ పేరు దగ్గర. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలోనే గ్రీకు తత్వవేత్త ప్లేటో ‘లాస్’ (చట్టాలు) గ్రంథంలో ఆదర్శ నగరానికి 5040 మంది గృహస్థులు ఉండాలన్నాడు. ఎందుకో కూడా చెప్పాడు: ఆ సంఖ్యను మినహాయిస్తే దానికి 59 భాజకాలు, వాటిలో 1 నుంచి 10 వరకు వరసగా అన్నీ ఉన్నాయి. ఆ తర్వాత యూక్లిడ్ క.సా.గు. కనుక్కునే పద్ధతే రాసిపెట్టాడు. అంత పాత లెక్కను రామానుజన్ ఖాతాలో వేస్తే ఆయన్ని పొగిడినట్టా? ఆయన అసలు ఏం చేశారో మనకు అక్కర్లేదని చాటుకున్నట్టు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆయనకూ 2520కీ నిజంగానే చుట్టరికం ఉంది, మెసేజ్ రాసిన మహానుభావుడికే తెలియదు. 1915లో రామానుజన్ హైలీ కాంపోజిట్ నంబర్స్ మీద పెద్ద పరిశోధన వ్యాసం ప్రచురించారు. తమకన్నా చిన్నవైన అన్ని సంఖ్యల కంటే ఎక్కువ భాజకాలున్నవి ఇవి. 1680కి 40 భాజకాలుంటే, దాని తర్వాత వరసలో వచ్చే 2520కి 48. అంతేకాదు, ఈ వరసలో తన తర్వాత వచ్చే ప్రతి సంఖ్యనూ 2520 నిశ్శేషంగా భాగిస్తుంది. ఇలాంటి గుణం ఉన్నవాటిలో ఇదే ఆఖరిది. 5040 అయితే తన పక్కనే ఉన్న 7560 దగ్గరే ఆగిపోతుంది.

ఆ వ్యాసంలో రామానుజన్ ఇచ్చిన పట్టికలో 102 సంఖ్యలున్నాయి. మధ్యలో ఒక్కటి జారిపోయింది: 2,93,31,86,25,600. దాన్ని కూడా 2520తో భాగించి చూడండి. 11,63,96,280 వస్తుంది, శేషం సున్నా.