ప్రకాశం పంతులు గారు పార్టీ మారలేదా?

ఎన్నికలొస్తే చాలు, వాట్సాప్‌లో ఒక పోస్టు తిరుగుతుంది. టంగుటూరి ప్రకాశం ఫొటో, కింద మూడు మాటలు: ఆయన జీవితాంతం ఒకే పార్టీలో ఉన్నారు, ఆ తరంవాళ్లెవరూ పదవి కోసం పార్టీ మారలేదు, సొంత పార్టీని కాదన్నవాడికి పుట్టగతులుండవు. ఇందులో ఫొటో ఒక్కటే నిజం.

మొదటి మాట సంగతి. 1946లో ప్రకాశం మద్రాసు ప్రధాని అయ్యారు. అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే పిలిచేవారు. ఢిల్లీ పెద్దలు రాజాజీని కోరుకున్నా ఇక్కడి శాసనసభ్యులు వినలేదు. ఏడాది తిరక్కుండానే, 1947 మార్చిలో, ఆయన్ని దించింది ప్రతిపక్షం కాదు, సొంత కాంగ్రెస్ సభ్యులే. 1951లో ఆయన కాంగ్రెస్‌ను వదిలేశారు. ఆచార్య కృపలానీతో కలిసి కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీలో పనిచేశారు. 1952 ఎన్నికల్లో మద్రాసు అసెంబ్లీలో 375 సీట్లకు కాంగ్రెస్‌కు 152 మాత్రమే వచ్చాయి. కమ్యూనిస్టులతో కలిసి ప్రతిపక్షాలు కట్టిన కూటమికి నాయకుడు ప్రకాశమే. గవర్నర్ మాత్రం రాజాజీని పిలిచారు.

రెండో మాట దగ్గరే అభిమానులకు ఇబ్బంది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేనాటికి కాంగ్రెస్‌కు సొంతంగా మెజారిటీ లేదు. కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీ సోషలిస్టులతో కలిసి ప్రజా సోషలిస్టు పార్టీగా మారింది; ప్రకాశం దాన్ని వదిలేసి, కాంగ్రెస్ మద్దతుతో తొలి ముఖ్యమంత్రి అయ్యారు. ఇవాళ ఒక ఎమ్మెల్యే ఇదే పని చేస్తే ఏమంటామో వేరే చెప్పాలా? సైమన్ కమిషన్ వచ్చినప్పుడు తుపాకీకి గుండె చూపిన మనిషి కదా అని ఈ సంగతి దాచనక్కర్లేదు. కొత్త రాష్ట్రానికి ఆ రోజు అంతకన్నా పెద్ద పేరు దొరికేది కాదనే నేనూ అనుకుంటాను. అయినా అది పార్టీ మారడమే. ఆ ప్రభుత్వం 1954 నవంబరులో మద్యనిషేధం గొడవలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది.

ఆయనొక్కరేనా? ఆచార్య రంగా 1951లో కాంగ్రెస్ వీడి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. మళ్లీ కాంగ్రెస్‌కు వచ్చి 1957లో తెనాలి ఎంపీ అయ్యారు. 1959లో స్వతంత్ర పార్టీకి అధ్యక్షుడయ్యారు. చివరికి మళ్లీ కాంగ్రెస్సే, గుంటూరు ఎంపీగా.

ఇక పుట్టగతుల మాట. మర్రి చెన్నారెడ్డి నాయకత్వంలో తెలంగాణ ప్రజా సమితి 1971లో 10 లోక్‌సభ సీట్లు గెలిచింది. అదే ఏడాది కాంగ్రెస్‌లో కలిసిపోయింది. ఆయన 1978లోనూ 1989లోనూ ముఖ్యమంత్రి అయ్యారు. 2001లో తెలుగుదేశం వీడిన కేసీఆర్, 2010లో కాంగ్రెస్ వీడిన జగన్ ఏమయ్యారో అందరికీ తెలుసు. ఈ ఇద్దరూ చట్టసభ సీటుకు రాజీనామా చేసి, ఉపఎన్నికలో మళ్లీ గెలిచివచ్చారు. ఒకరు సిద్దిపేటలో, ఇంకొకరు కడపలో. పార్టీ మారితే సీటు పోతుందనే 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం ఉండగానే సీటు వదలకుండా కండువా మార్చి, స్పీకర్ దగ్గర ఫిర్యాదు నానుతుంటే కాలం గడిపేవాళ్లు రెండు రాష్ట్రాల్లోనూ కనిపించారు. ఆ పోస్టులో వాళ్ల ఊసే లేదు.