పదండి మాస్టారూ

అమ్మ పోయిన ఆరు నెలలకి డల్లాస్ నుంచి వైజాగ్ వెళ్ళినప్పుడు మా ఫ్లాట్ గుమ్మం పక్కన నాన్న వాకింగ్ బూట్లు కనిపించాయి. లేసులు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి, మీద దుమ్ము. ఆ ఆరు నెలలూ ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో "వాకింగ్‌కి వెళ్తున్నారా నాన్నా?" అని నేను అడుగుతూనే ఉన్నాను, "ఆఁ, వెళ్తున్నానమ్మా" అని ఆయన అంటూనే ఉన్నారు. షుగర్ ఎంత, బీపీ ఎంత అని కూడా అడిగేదాన్ని. రాత్రి నిద్ర పడుతోందా, ఎవరితోనైనా మాట్లాడుతున్నారా అని మాత్రం ఒక్కసారీ అడగలేదు.

ముప్ఫై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పిన మనిషి. పొద్దస్తమానం బాల్కనీ కుర్చీలోనే కూర్చుంటున్నారు. పేపర్ మడత విప్పడం లేదు. అన్నం సగం కంచంలోనే వదిలేస్తున్నారు. "నాలుగడుగులు వేస్తే అన్నీ సర్దుకుంటాయి నాన్నా" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. మనసు కుంగిపోయిన మనిషికి కుర్చీలోంచి లేవడమే కొండెక్కినంత పని. లేవాలనిపించకపోవడమే ఆ జబ్బు. అలాంటి మనిషికి "వెళ్ళి నడువు" అని చెప్పి మన బాధ్యత తీరిందనుకుంటాం.

ఆయన్ని కదిలించింది కింద ఫ్లాట్‌లో ఉండే బాబాయ్‌గారు. పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. ఒకరోజు పొద్దున్న ఐదుంబావుకి వచ్చి బెల్లు కొట్టారు. "పదండి మాస్టారూ." నాన్న తలుపు తియ్యలేదు. మర్నాడు తీసి, ఒంట్లో బాగోలేదన్నారు. "సరే, రేపొస్తాను" అని ఆయన వెళ్ళిపోయారు. ఆ రేపు మళ్ళీ బెల్లు. ఐదో రోజు నాన్న బూట్లు కూడా వేసుకోకుండా, చెప్పులతోనే లిఫ్టు దిగారు.

నేనూ వెనకాలే వెళ్ళాను. ఆ వేళప్పుడు బీచ్ రోడ్డు మీద బళ్ళు తిరగనివ్వరు, రోడ్డంతా నడిచేవాళ్ళదే. కాళీమాత గుడి దగ్గర వీళ్ళ బ్యాచ్ కలుసుకుంటుంది. ఏడెనిమిది మంది, అందరూ అరవై దాటినవాళ్ళే. సబ్‌మెరైన్ మ్యూజియం దాటి వుడా పార్కు వరకూ వెళ్ళి వెనక్కి వస్తారు. ఇంకా చీకటి విడలేదు. పోర్టులోకి వెళ్ళడానికి ఎదురుచూస్తున్న ఓడల దీపాలు సముద్రం మీద వరసగా వెలుగుతున్నాయి. ఎవరూ నాన్నని ఓదార్చలేదు. కరెంటు బిల్లుల గురించి, మనవల గురించి మాట్లాడుకుంటున్నారు. సబ్‌మెరైన్ దగ్గరికొచ్చేసరికి నాన్న ఎవరూ అడక్కుండానే, సముద్రం వైపు చూస్తూ, "మా ఆవిడకి ఈ గాలంటే ప్రాణం" అన్నారు. అమ్మ గురించి ఆయన నోటివెంట నేను విన్న మొదటి మాట అది. పక్కన నడుస్తున్నాయన "ఊఁ" అన్నారు. అంతే. ఎదురెదురుగా కూర్చుంటే గొంతు దాటని మాట, పక్కపక్కన నడుస్తుంటే బయటికొస్తుంది.

ఒకరోజు మానేస్తే మర్నాడు "ఏటి మాస్టారూ, నిన్న రాలేదేటి?" అని అడుగుతారు. మన గైర్హాజరు ఒకరికి పట్టిందని తెలిస్తే మనిషికి ఎంత బలమో ఆయన్ని చూశాకే నాకర్థమైంది.

నిద్ర పట్టడం లేదంటే డాక్టరుకి చూపించుకోమని పట్టుబట్టిందీ ఆ బ్యాచే. ప్రభుత్వ మానసిక ఆసుపత్రి వాల్తేరులో ఉంది కాబట్టి మా ఊళ్ళో ఎవరైనా కాస్త తేడాగా మాట్లాడితే "వాల్తేరు తీసుకెళ్ళండి" అని వెక్కిరించడం అలవాటు. ఆ వెక్కిరింతకి జడిసి ఎందరు డాక్టరు గడప తొక్కకుండా ఉండిపోయారో. నాన్న వెళ్ళారు, మందులు వాడారు, నడక మానలేదు. మందు వేరు, నడక వేరు. ఒకటి ఉంది కదాని రెండోది వద్దనకూడదు. ఇండియాలో ఉన్న మనవాళ్ళకి, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 రాసి ఇవ్వండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.

వ్యాయామం మనసుకి ఎంత పనిచేస్తుందో డాక్టర్లు కూడా పరీక్షించి చూశారు. 1999లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ వాళ్ళు డిప్రెషన్ ఉన్న, యాభై దాటిన 156 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకి మందు, ఒక జట్టుకి వ్యాయామం, ఒక జట్టుకి రెండూ. 16 వారాలయ్యేసరికి మూడు జట్లూ దాదాపు ఒకేలా కోలుకున్నాయి. మొదట్లో మందు త్వరగా పనిచేసింది. వ్యాయామం చేసినవాళ్ళు ఇంట్లో ఒంటరిగా చెయ్యలేదు, వారానికి మూడుసార్లు ఒకచోట చేరి, పర్యవేక్షణలో చేశారు. నాకు అందులో ముఖ్యంగా కనిపించేది ఆ ఒకచోట చేరడమే. పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బీచ్ రోడ్డు బ్యాచ్‌కి నాలుగు రోజుల్లో ఆ లెక్క తీరిపోతుంది, ఎవరూ గడియారం చూసుకోకుండానే.

2025 జూన్ 21న యోగా దినోత్సవానికి ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా లక్షల మంది చాపలు పరుచుకున్నారు. టీవీలో మా ఊరిని చూసి పొంగిపోయాను. కానీ నా నమ్మకమంతా జూన్ 22 పొద్దున్న కాళీమాత గుడి దగ్గర చేరిన ఆ ఏడెనిమిది మంది మీదే.

కిందటేడు నాన్న మా దగ్గరికి డల్లాస్ వచ్చారు, ఆరు నెలలుందామని. ఇక్కడ పేవ్‌మెంట్లు అద్దంలా ఉంటాయి, మనిషే కనపడరు. మా సందులో రెండు రౌండ్లు తిరిగి పది నిమిషాల్లో వచ్చేసేవారు. "ఎవరూ లేరేటమ్మా" అన్నారు. నెల తిరిగేసరికి మళ్ళీ కుర్చీ. మూడో నెలలో టికెట్ మార్పించి పంపేశాను. మన ఇళ్ళలో ఇలా సోఫాలో కూర్చుని సీరియళ్ళతో రోజులు లెక్కపెట్టుకునే అమ్మానాన్నలు ఎంతమంది! ఉగాదికీ దీపావళికీ హాలు బుక్ చేసి, స్టేజీ కట్టి, బ్రహ్మాండంగా పండగ చేస్తాం. అది ఉండాల్సిందే. వారానికో పొద్దున్న వీళ్ళని ఒకచోట నడిపించడానికి హాలక్కర్లేదు, మైకక్కర్లేదు. ఈ పని ఇక్కడి మన తెలుగు సంఘం ఎప్పుడో చెయ్యాల్సింది.

ఏప్రిల్‌లో నాన్న మళ్ళీ వస్తున్నారు. ప్రతి శనివారం పొద్దున్న ఏడింటికి మా ఇంటి దగ్గర చెరువు పార్కు గేటు ముందు ఆయనా, నేనూ ఉంటాం. మీవాళ్ళని తీసుకురండి. తీసుకొచ్చేవాళ్ళు లేకపోతే చెప్పండి, కారేసుకుని వచ్చి బెల్లు కొడతాం. మొదటిసారి తలుపు తియ్యకపోయినా పర్లేదు, మళ్ళీ శనివారం వస్తాం.