ఉత్తుత్తి కుస్తీ అని కనిపెట్టిన మహానుభావులకు

రెజ్లింగ్ అంతా ఫేక్ అని కనిపెట్టిన మహానుభావులకు ప్రభుత్వం ఇంతవరకు ఒక్క శాలువా కూడా కప్పకపోవడం శోచనీయం. ఇంటికొకరు చొప్పున ఉంటారు వీళ్లు. పిల్లాడు టీవీలో డబ్ల్యూడబ్ల్యూఈ అనే అమెరికా కుస్తీ షో చూస్తుంటే వెనకనుంచి వచ్చి, కాసేపు గుడ్లప్పగించి తామూ చూసి, "అదంతా ఫేక్‌రా, ముందే మాట్లాడుకుంటారు" అని సెలవిచ్చి వెళ్లిపోతారు. అడిగినవాడెవడూ లేడు. 2023 సెప్టెంబర్‌లో ఆ షో స్టార్ రెజ్లర్ జాన్ సీనా హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియానికి వచ్చినప్పుడైతే టికెట్ కొన్న ప్రతివాడినీ ఆపి మరీ జ్ఞానబోధ చేశారు. అయ్యా, అండర్‌టేకర్ అనే రెజ్లర్‌కి ఏడు ప్రాణాలున్నాయని, రెజ్లర్ల బొమ్మల ట్రంప్ కార్డులాడిన రోజుల్లో నమ్మినవాళ్లమే మేమంతా. మీసాలు రాకముందే ఆ భ్రమ వదిలింది. మీరేమో దాన్ని నిన్ననే తవ్వి తీసినట్టు చెబుతున్నారు.

వీళ్ల ప్రధాన సాక్ష్యం రింగు చుట్టూ కట్టిన తాళ్లు. సరే, నిష్పక్షపాతంగా పరిశీలిద్దాం. ఒక వస్తాదు ఇంకో వస్తాదు చెయ్యి పట్టుకుని తాళ్ల వైపు విసురుతాడు. ఆ 120 కిలోల మనిషి బుద్ధిగా పరిగెత్తుకుంటూ వెళ్లి, తాళ్లకు వీపు ఆనించి, అంతే బుద్ధిగా వెనక్కి వచ్చి, తన కోసం చాపి ఉంచిన చేతికి మెడ అప్పగిస్తాడు. ఎందుకు రావాలి? మధ్యలో ఆగొచ్చు. అటునుంచి అటే దిగిపోయి టీ తాగొచ్చు. ఊహూ, వస్తాడు. పడతాడు, లేస్తాడు, మళ్లీ విసిరించుకుంటాడు, మళ్లీ వస్తాడు. ఈలోపు రిఫరీకి ఎవరి మోచెయ్యో తగిలి స్పృహ తప్పుతుంది. సరిగ్గా అప్పుడే రింగు కిందనుంచి ఇనప కుర్చీ బయటికొస్తుంది. రింగు కింద కుర్చీలెందుకున్నాయి, నిచ్చెన ఎందుకుంది, మడతబల్ల ఎవరు పెట్టారు, ఎవరూ అడగరు. కుర్చీ పని పూర్తయి, దాన్ని అవతల పారేశాక రిఫరీ కళ్లు తెరిచి, పాక్కుంటూ వచ్చి, మూడు లెక్కపెట్టి కుర్చీతో కొట్టినవాణ్ని గెలిపిస్తాడు.

మన పెళ్లికొడుకు చేసేది మాత్రం ఏమిటి? గొడుగు, చేతికర్ర పట్టుకుని కాశీకి బయల్దేరతాడు. కల్యాణమండపం గేటు దాకా వెళ్తాడు. బావమరిది గడ్డం కింద బెల్లంముక్క పెట్టి బతిమాలగానే తాళ్లకు తగిలినంత ఠంచనుగా వెనక్కి తిరుగుతాడు. "ఏ రైలు నాయనా? రిజర్వేషన్ ఉందా, వెయిటింగ్ లిస్టా?" అని అక్కడ నిలదీసిన మేధావి ఒక్కడూ నాకు తగల్లేదు. పైగా మన పరిశోధకుడే ముందు నిలబడి ఫోన్లో వీడియో తీస్తుంటాడు.

అసలు ఈ రహస్యం 1989లోనే బయటపడింది. బయటపెట్టింది ఈ షో నడిపే కంపెనీవాళ్లే. అప్పటికి దాని పేరు డబ్ల్యూడబ్ల్యూఎఫ్. మాది పోటీ కాదు బాబూ, వినోదం అని న్యూజెర్సీ రాష్ట్ర సెనేట్ దగ్గర వాళ్లంతట వాళ్లే ఒప్పేసుకున్నారు. 1984 చివర్లో ఇదంతా ఫేక్ అనుకుంటున్నానన్నందుకు జాన్ స్టాసెల్ అనే టీవీ విలేకరిని డేవిడ్ షుల్జ్ అనే రెజ్లర్ రెండు చెవుల మీదా కొట్టి పడగొట్టాడు. వాడు పరువనుకుని కొట్టాడు. ఓనరు లెక్కలు చూసుకుని ఒప్పుకున్నాడు. పోటీ అయితే పన్ను కట్టాలి, లైసెన్సులు తీసుకోవాలి, బరిలోకి దిగేముందు రెజ్లర్లకు వైద్య పరీక్షలు చేయించాలి. వినోదమైతే ఈ గొడవలేవీ ఉండవు.

ఇక్కడే నాకు ఒళ్లు మండేది. గెలుపోటములు ముందే రాసుకుంటారు, సరే. పడేటప్పుడు ఎముకకు కూడా చెప్పి పెడతారా? 1998 జూన్‌లో పిట్స్‌బర్గ్‌లో మిక్ ఫోలీ అనే రెజ్లర్ రింగు చుట్టూ దించిన 16 అడుగుల ఇనప బోను మీదనుంచి కామెంటేటర్ల బల్ల మీద పడ్డాడు. అది ముందే అనుకున్నది. స్ట్రెచర్ దిగి మళ్లీ బోనెక్కాడు. ఈసారి పైకప్పు ఊడి సరాసరి రింగులో పడ్డాడు. అది అనుకున్నది కాదు. ఊడిన పన్ను ముక్క ముక్కులోకి ఎక్కింది. ఫేకండీ, అంతా ఫేక్!

మరుసటి ఏడాది మే 23న కాన్సస్ సిటీలో ఓవెన్ హార్ట్ అనే రెజ్లర్‌ను హాలు పైకప్పు దగ్గరనుంచి కేబుల్‌తో రింగులోకి దించబోయారు. జనాన్ని నవ్వించడానికి. కొక్కెం ఊడింది. 70 అడుగులకు పైనుంచి పడి చచ్చిపోయాడు. అప్పటికి 34 ఏళ్లు. ఇది షోలో భాగం కాదని కామెంటేటర్ టీవీ ప్రేక్షకులకు పనిగట్టుకుని చెప్పుకోవాల్సి వచ్చింది, చెప్పకపోతే ఎవరు నమ్ముతారు? హాల్లో ఉన్నవాళ్లకైతే మనిషి పోయాడన్న మాట కూడా చెప్పలేదు. అతన్ని ఆస్పత్రికి తీసుకెళ్లాక అదే రింగులో మిగతా మ్యాచ్‌లన్నీ వరసగా నడిపించారు. ఒక్కడికి, ఒక్కడికైనా సిగ్గు లేకపోయింది.

ఆ కంపెనీ లెక్కల్లో రెజ్లర్లు ఉద్యోగులు కారు, స్వతంత్ర కాంట్రాక్టర్లు. రింగులో తగిలిన దెబ్బకు కట్టు కట్టిస్తారు, ఆరోగ్య బీమా మాత్రం ఎవరిది వాళ్లే చూసుకోవాలి. ఏ ఊరు రావాలో కంపెనీ చెబుతుంది. ఏ వేషం వేయాలో కంపెనీ చెబుతుంది. ఎవరి చేతిలో ఎన్ని నిమిషాలకు ఓడిపోవాలో అదీ కంపెనీయే చెబుతుంది. అయినా స్వతంత్రులట!