పున్నమి కేకు, కజ్జికాయల చెక్క

2025 అక్టోబరులో మా అమ్మాయి పుస్తకాల సంచిలో ఒక పసుపు కాగితం వచ్చింది. 6వ తేదీ సోమవారం సాయంత్రం కిండర్‌గార్టెన్ పిల్లలతో చైనావారి చంద్రోత్సవం, ఇంటిల్లిపాదీ రండి అని. గంట తిరగకముందే కాలిఫోర్నియాలోని మన ఫ్రీమాంట్ తెలుగు తల్లిదండ్రుల వాట్సాప్‌లో గొణుగుడు మొదలైంది. వాళ్ల పండుగకు మన పిల్లలెందుకని ఒకరు. ముందు దీపావళి సంగతి తేల్చమనండని ఇంకొకరు. రంగు కాగితాలు అతికించుకునే ఐదేళ్ల పిల్లల మధ్యకు సరిహద్దు గొడవలను కూడా ఎవరో లాక్కొచ్చారు. ఆ రోజు నేను నోరు మెదపలేదు. అప్పుడు మింగిన మాటలే ఇవి.

మేం వెళ్లాం. రాజమండ్రి నుంచి వచ్చి ఉన్న మా అమ్మనూ తీసుకెళ్లాను. ఇంట్లో ఒక్కతే ఉంటుందని తప్ప వేరే ఉద్దేశం లేదు. బడి భోజనాల గదిలో వేదిక లేదు, మైకు లేదు. పొట్టి బల్లలు, పొట్టి కుర్చీలు, వాటిలో మోకాళ్లు గడ్డానికి తగిలేలా ఒదిగి కూర్చున్న పెద్దవాళ్లు. ఒక బల్ల దగ్గర కాగితపు లాంతర్లు. ఇంకో బల్ల దగ్గర పున్నమి కేకులు. పొయ్యితో పని లేని రకం: ముందే ఉడికించి తెచ్చిన జిగురు బియ్యప్పిండి ముద్దలో తీపి ఉండ పెట్టి, చెక్క అచ్చులో అదిమి, బల్లకేసి ఒక్కటి కొడితే పువ్వు ముద్రతో ఊడిపడుతుంది. ఆ కొట్టడం కోసమే పిల్లలు వరస కట్టారు.

అమ్మ తీపి ఉండ రుచి చూసి “పెసరపూర్ణమే కదే!” అంది. అచ్చు తిరగేసి చూసి, మన కజ్జికాయల చెక్కకు ఇది చెల్లెలని తీర్మానించింది. ఎదుటి చైనా బామ్మగారికి ఇంగ్లీషు రాదు, అమ్మకూ అంతంత మాత్రమే. అరగంటలో ఇద్దరూ కలిసి పాతిక కేకులు చేశారు. పిండి మందంగా పెడుతోందని ఆవిడ అమ్మ చేతి మీద చిన్నగా ఒక దెబ్బ కూడా వేసింది. తర్వాత పంపర పనసలు ఒలిచి, ఆ తొక్కల్ని పిల్లల నెత్తిన టోపీల్లా పెట్టారు. పెరట్లో పంపర పనస చెట్టుతో పెరిగిన అమ్మ, తొక్కతో ఈ పని ఉందని ఇన్నేళ్లూ తెలియలేదే అని వాపోయింది.

ఒక తండ్రి బొమ్మలు చూపిస్తూ కథ చెప్పాడు. అమృతం తాగి చంద్రుడి మీదికి ఎగిరిపోయిన చాంగ్ అ, అక్కడ రోట్లో మందు దంచే కుందేలు. “ఆ కుందేలు మా అమ్మమ్మకు కూడా తెలుసు” అని మా అమ్మాయి చెయ్యెత్తింది. తెలియక పోతుందా? శశాంకుడంటే కుందేలు గుర్తున్నవాడనే కదా అర్థం. పైగా ఆ రోజు మనకూ ఆశ్వయుజ పౌర్ణమే. కొరియావాళ్లకు అది చూసొక్, వియత్నాం పిల్లలకు లాంతర్ల పండుగ. ‘వాళ్ల పండుగ’ అన్నప్పుడు ఆ వాళ్లెవరో నాకు ఆ గదిలో తేలలేదు.

శాకాహారులకు ఒక మాట. బేకరీలో కొనే పున్నమి కేకుల్లో తరచు పందికొవ్వు, ఉప్పులో ఊరిన బాతుగుడ్డు సొన ఉంటాయి. అడిగి తీసుకోండి, ఎవరూ నొచ్చుకోరు.

దీపావళి సంగతి తేల్చమన్నవారికి: కాలిఫోర్నియా 2022లో లూనార్ న్యూ ఇయర్‌ను, 2025 అక్టోబరులో దీపావళిని రాష్ట్ర సెలవుగా గుర్తిస్తూ చట్టాలు చేసింది. ఈ వరసలో వాళ్లు మనకంటే ముందున్నారని ఈర్ష్యపడేవారు ఇంకాస్త వెనక్కి చూడాలి. 1884లో సాన్‌ఫ్రాన్సిస్కోలో మేమీ టేప్ అనే ఎనిమిదేళ్ల పిల్లను చైనావారి బిడ్డ అన్న కారణంగా బడిలో చేర్చుకోలేదు. తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. 1885లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ పిల్లకు చదువుకునే హక్కు ఉందని చెప్పింది. వెంటనే ప్రభుత్వం చైనా పిల్లలకు వేరే బడి పెట్టే వీలు కల్పించి, తీర్పును దాటేసింది. అప్పటికే, 1882 నుంచి, చైనా కూలీలు ఈ దేశంలో అడుగు పెట్టకుండా చట్టం ఉంది. అది 1943 దాకా పోలేదు. మన ఊరి పక్క నైల్స్ లోయలో రైలుదారి వేసింది ఆ కూలీలే. వాళ్ల మునిమనవల వయసు పిల్లలు ఇవాళ అదే రాష్ట్రంలో ప్రభుత్వ బడి మధ్యలో కూర్చుని లాంతరు అతికించుకుంటుంటే, పక్కన కుర్చీ వేసి మనల్ని రమ్మంటే, మనకు గొణుగుడు ఎలా వచ్చిందో!

ఇక మన సంగతి. మన పత్రికే కాబట్టి చెప్పుకోవచ్చు. మన ఉగాది అంటే అద్దె ఆడిటోరియం, నాలుగు గంటల కార్యక్రమం, తెర వెనక మేకప్ కారిపోతూ వంతు కోసం చూసే పిల్లలు, తెర ముందు ఫోన్లెత్తి పట్టుకున్న మనం. పిల్లలు కూచిపూడి నేర్చుకుంటున్నారు, దానికి వంక పెట్టను. కానీ మా అమ్మాయి పక్కన కూర్చునే చైనా పిల్లను పిలిస్తే అక్కడ ఏం చేస్తుంది? చప్పట్లు కొడుతుంది. చేతికి పిండి అంటదు. రాష్ట్రం సెలవిచ్చింది సరే, ఆ రోజు ఆ పిల్ల చేతిలో ఏం పెడతామన్నది చట్టంలో రాయరు.

అట్లతద్ది పెడదామని నా ప్రతిపాదన. ఆశ్వయుజ పౌర్ణమి తర్వాత మూడో నాడు వస్తుంది. ముందు రోజు గోరింటాకు, పగలు ఊయల, చంద్రోదయం చూశాక అట్లు. ఐదేళ్ల పిల్లలకు ఇంతకంటే ఏం కావాలి? ఊయలలు బడి ఆవరణలో ఎలాగూ ఉన్నాయి. మంచి మొగుడి కోసమనే భాగం ఆ వయసుకు చెప్పనక్కరలేదు, మగపిల్లలకూ అట్లు వెయ్యవచ్చు. తదియనాటి చంద్రుడు కాస్త ఆలస్యంగా వస్తాడు. ఆ సోమవారం పున్నమి చంద్రుడు కూడా తూర్పు కొండలెక్కి రావడానికి మమ్మల్ని లాంతర్లతో ఆటస్థలంలో నిలబెట్టాడు. ఒక్క పిల్లా ఇంటికి పోదామనలేదు.

టీచరమ్మను అడిగాను. పిండిలో ఏముంటుంది, ఎవరికైనా పడకపోతే ఎలా, వేడి పెనం దగ్గర ఎంతమంది పెద్దలు నిలబడతారు అని అడిగింది. బియ్యం, మినుములు అని చెప్పాను. పెనానికి ఇద్దరు పెద్దలన్నాను. మూడు ఎలక్ట్రిక్ పెనాలు కావాలి, మా ఇంట్లో ఒకటుంది. ఆ రోజు గొణిగినవారిలో ఇద్దరి ఇళ్లలో చెరొకటి ఉన్నట్టు నాకు తెలుసు. అమ్మ మళ్లీ వచ్చేటప్పుడు కజ్జికాయల చెక్కలు రెండు తెస్తానంది. ఒకటి ఆ బామ్మగారికట.