సవరణ: కాస్క్ ఏల్ గోరువెచ్చగా ఉండదు

లండన్ పబ్బుల గురించి మొన్న రాసినదాంట్లో, పీపాలోంచి పోసే బ్రిటిష్ బీరు అయిన కాస్క్ ఏల్‌ను గోరువెచ్చగా, గ్యాస్ అస్సలు లేకుండా పోస్తారని రాశాను. రెండూ తప్పే. పబ్బు నేలమాళిగలో 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉంచుతారు, అంటే ఫ్రిజ్‌లోంచి తీసిన లాగర్ బీరు అంత చల్లగా ఉండదు గానీ చల్లగానే ఉంటుంది. ఇక గ్యాస్ సంగతి: బయటి నుంచి ఎక్కించరు, పీపాలో బతికే ఉన్న ఈస్ట్ అక్కడే ఇంకోసారి పులియబెడుతుంది, ఆ సన్నని నురగ దాని పుణ్యమే. అందుకే పీపా తెరిచాక మూడు రోజుల్లో అమ్ముడైపోవాలి, లేదంటే గాలి తగిలి పులుపెక్కుతుంది. నా దృష్టిలో దాని అందమంతా ఇక్కడే ఉంది. జనం వచ్చిపోయే పబ్బులోనే తాగండి!

ఇంకొకటి. లండన్ ప్రైడ్ అనే ఏల్ ఇప్పటికీ లండన్ కంపెనీ ఫుల్లర్స్ వాళ్లదే అన్నాను. కాదు, 2019లో వాళ్ల బీరు తయారీని జపాన్‌కు చెందిన అసాహీ కొనేసింది, పబ్బులు మాత్రం ఫుల్లర్స్ చేతిలోనే ఉన్నాయి.

లండన్‌లో సదర్క్ ప్రాంతంలోని టాబర్డ్ స్ట్రీట్‌లో రాయల్ ఓక్ పబ్బుకు వెళ్లమన్న మాటలో మార్పేమీ లేదు. అక్కడ లూయిస్ ఊరి హార్వీస్ వాళ్ల సస్సెక్స్ బెస్ట్ అనే ఏల్ అడగండి, ముందు హాఫ్ పైంటే (పావు లీటరు పైచిలుకు) తీసుకోండి.